పదో పేరు

అయినా పదో పేరు అంటే ఏమిటి? మొదటి పేరు జనం భక్తితో రాస్తారు. రెండోది బంధుత్వంతో. మూడు, నాలుగు మొహమాటంతో. ఏడో గీత దాటేసరికి కలం నెమ్మదిస్తుంది. పైకప్పు కేసి చూస్తారు. చెవి గోక్కుంటారు. ఇంకా ఎవరున్నారబ్బా అనుకుంటారు. అప్పుడు ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన పాలు గుర్తొస్తాయి, పాలతో పాటు పాల కేంద్రంలో గొంతు చించుకునే పిల్ల గుర్తొస్తుంది, గీత ఖాళీగా వదలడం ఎందుకులే అని రాసేస్తారు. అదీ పదో పేరు. దానికి ఇష్టమూ అక్కర్లేదు, అయిష్టమూ అక్కర్లేదు. ప్రయాణం సంచీలో మూలన మిగిలిన చోట కుక్కే పాత తువ్వాలులాంటిది.

"అమ్మాయ్, చూస్తావా, పొమ్మంటావా?" అన్నాడు ముసలాయన.

నోర్‌జోమ్ ఈ లోకంలోకి వచ్చింది. చేతిలో లాక్టోమీటరు ఉంది. ఎదురుగా పోపో థర్చిన్, అంటే థర్చిన్ తాత, ఆయన పాల క్యాను, ఆయన వెనక వరస. మీటరును పాలల్లో వదిలింది. అది మునగవలసిన దానికన్నా లోతుకు మునిగింది.

"పోపో-లా, నీళ్ళు."

"ఎక్కడ?"

"పాలల్లో."

"ఎండలు కదా తల్లీ. ఆవు ఎక్కువ తాగింది."

"ఆవు తాగితే పాలల్లోకి రావు. మీరు పోస్తే వస్తాయి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయన ఏమీ నొచ్చుకోలేదు. రహస్యం చెబుతున్నట్టు ముందుకు వంగాడు.

"నాతో అలా మాట్లాడకు. పార్లమెంటుకి నీ పేరు రాసినవాణ్ణి."

"ఎన్నో గీత మీద రాశారు?"

"చివర్న. చోటు మిగిలింది."

క్యాను మూత ఆమె చేతిలోంచి జారి గచ్చు మీద గిరగిరా తిరిగింది.

నిన్న సాయంత్రం జాబితా బయటికొచ్చింది. టిబెటన్ల ప్రవాస పార్లమెంటుకు జరిగే ఎన్నికల్లో ఖామ్ ప్రాంతం తరఫున చివరి విడతకు మిగిలినవాళ్ళ పేర్లు. తొలి విడతలో ఎవరు ఎవరి పేరైనా రాయొచ్చు. ఒక్కో ఓటరుకు పది గీతలు. పేరున్నవాణ్ణి నీకిష్టమేనా అని ఎవరూ అడగరు. జనవరిలో ఆ విడత జరిగినప్పుడు నోర్‌జోమ్, వాళ్ళమ్మ రాజమండ్రిలో ఉన్నారు, ప్రతి చలికాలంలాగే, స్వెట్టర్ల కొట్లో. ఇక్కడ బైలకుప్పె శరణార్థుల క్యాంపులో ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు. ఇప్పుడు ఏప్రిల్. ఫోనులో జాబితా. అందరికన్నా అడుగున ఆమె పేరు, పక్కన "పాల కేంద్రం" అని.

అది చూసినప్పుడు ఆమెకు మొదట కలిగింది కోపం కాదు, సంతోషం. ఒక్క రెప్పపాటు. ఎవరో వెనకనుంచి వచ్చి కళ్ళు మూసి, ఎవరో చెప్పుకో అన్నట్టు. ఇప్పుడు ఆ రెప్పపాటుకే ఒళ్ళు మండుతోంది. నన్ను కోరుకున్నారనుకున్నాను కదా, ఎంత వెర్రిదాన్ని. చోటు మిగిలిందట.

వరస తరిగాక అకు ధర్గ్యాల్ వచ్చాడు. అకు అంటే బాబాయి, పేరు చివర లా అంటే గారు. నాన్న పోయాక నోర్‌జోమ్ బడి, ఈ పాల కేంద్రంలో ఉద్యోగం, రాజమండ్రిలో కొట్టు పెట్టుకునే చోటు, అన్నీ ఆయన నోటిమీదుగా ఖాయమైనవే. ప్రతిదీ ఆమె మంచికే. ప్రతిదీ ఆమెను అడక్కుండానే.

"ఏమే మెంబరూ! పాలు కొలుస్తున్నావా, దేశం కొలుస్తున్నావా?"

"వెన్న కొలుస్తున్నా అకు-లా."

"సరే. సాయంత్రం హాల్లో పరిచయ సభ. నువ్వూ మైకు ముందుకు రా. పెద్దలున్నారు, నేను తప్పుకుంటున్నాను అను. రేపు ఆఫీసులో సంతకం పెట్టెయ్. గడువు రేపటిదాకానే."

"ఎందుకు తప్పుకోవాలి?"

"ఎందుకేమిటే? ఆ జాబితాలో నేను లేనూ? ఒకే ఇంట్లోంచి ఇద్దరా? నా ఓట్లు చీలిపోవూ?"

"ఒక్కొక్కళ్ళు పదిమందికి వెయ్యొచ్చు కదా. ఇద్దరికీ వేస్తారు. చీలడానికి అదేమన్నా కట్టెపుల్లా?"

"ఒక ఇంటికి రెండు ఓట్లు ఎవడిస్తాడు? జనం సంగతి నీకు తెలీదు." ఆయన గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే దెబ్బ కొట్టబోతున్నాడని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. "అసలు నీ పేరు ఎలా వచ్చిందనుకుంటున్నావ్? ఆ బడి మాస్టారు లేడూ, కల్దెన్. చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. వాడు ఊత్సాంగ్ వాడు. వాడి ఓటు నీకు పడనే పడదు. మన ఖామ్ జాబితాలో వాడికేం పని? నన్ను కొట్టడానికి వాడికో కర్ర కావాలి. ఆ కర్రవి నువ్వు."

తాతలు ఏ ప్రాంతంనుంచి కొండలు దాటి వచ్చారో ఆ ప్రాంతం వాళ్ళకే మనవలు ఓటు వెయ్యాలి. ఖామ్ వాళ్ళకి ఖామ్ జాబితా, ఊత్సాంగ్ వాళ్ళకి ఊత్సాంగ్ జాబితా. ఇద్దరూ ఈ మొక్కజొన్న చేల మధ్యే పుట్టి ఉండొచ్చు, ఆ కొండల్ని క్యాలెండరు మీద తప్ప ఎక్కడా చూసి ఉండకపోవచ్చు. అయినా అంతే.

అకు వెళ్ళిపోయాడు. నోర్‌జోమ్ క్యాన్లు కడుగుతూ కూర్చుంది. కర్రవి అన్నాడు. ఆ మాటకన్నా, కల్దెన్ అన్న పేరు వినగానే తన చెయ్యి ఒక్క క్షణం ఆగిపోవడం ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ చేతికి ఎవరు చెప్పారు ఆగమని?

నిరుటి వానాకాలంలో మొదటిసారి వచ్చాడు, వాళ్ళ అత్తయ్య పాల క్యాను పట్టుకుని. బళ్ళో భోట భాష చెప్పే మాస్టారు. ఊరంతా గెన్-లా అంటుంది. నెత్తిన టోపీ, చేతిలో మూతలేని క్యాను.

"నీళ్ళున్నాయి," అంది ఆమె మీటరు చూసి.

"వానండీ. దారిలో పడింది."

"పాలకి వానెందుకు చూపించారు?"

"మూత కనపడలేదు."

"నెత్తిన టోపీ ఉంది కదా. అది క్యాను మీద పెట్టాల్సింది."

"మరి నేను తడుస్తాను కదా?"

"మీకు వెన్న పరీక్ష లేదు గెన్-లా. తడిస్తే ఏం?"

వరసంతా నవ్వింది. అతను చెవులదాకా ఎర్రబడి వెళ్ళిపోయాడు. మర్నాడు జోరువానలో మళ్ళీ వచ్చాడు. జుట్టులోంచి, ముక్కు చివరనుంచి, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. టోపీ క్యాను మీద ఉంది. ఏమీ అనకుండా క్యాను ముందుకు జరిపాడు. ఆమె ఏమీ అనకుండా కొలిచింది. ఒక్క చుక్క నీరు లేదు. తలెత్తితే అతను చూస్తున్నాడు. ఆమె చూడగానే పైకప్పు కేసి చూశాడు, అక్కడేదో ముఖ్యమైనది రాసి ఉన్నట్టు.

వానాకాలం పోయింది. ఎండలొచ్చాయి. టోపీ మాత్రం క్యాను మీదే వచ్చేది. అందర్నీ ముందు పోనిచ్చి వరసలో చివర నిలబడేవాడు. అంతే. ఒక్క మాట లేదు. ఏదో అంటాడని ఆమె ఎదురు చూసింది, ఎదురు చూస్తున్నట్టు తనకే తెలియనివ్వకుండా. స్వెట్టర్ల మూటలు కట్టే రోజున అతను వచ్చి, "రాజమండ్రిలో ఎండలెలా ఉంటాయి?" అని అడిగాడు. చలికాలంలో వెళ్ళేవాళ్ళను అడిగే ప్రశ్నేనా అది?

ఆ మనిషి ఇల్లిల్లూ తిరిగి తన పేరు చెప్పాడట.

ఆమె కడిగిన క్యాను బోర్లించింది. తాళం వేసింది. బడికి బయల్దేరేసరికి మొదటి వాన మొదలైంది, దుమ్ము వాసన లేపుతూ, పెద్ద పెద్ద చినుకులతో. వెనక్కి తిరగలేదు. కోపంగా ఉన్నవాళ్ళకి గొడుగు ఎందుకు?

పిల్లలు వెళ్ళిపోయారు. కల్దెన్ వరండాలో నిలబడి చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుతూ వాన చూస్తున్నాడు. ఆమెను చూసి చాక్‌పీసు తిప్పడం మానేశాడు.

"నా పేరు ఇల్లిల్లూ తిప్పింది మీరేనా?"

"ముందు పైకి రండి. తడుస్తున్నారు."

"నాకు వెన్న పరీక్ష లేదు. మీరేనా?"

"నేనే."

కాదంటాడనుకుంది. దారంతా కూర్చుకున్న తిట్లన్నీ ఆ 'కాదు' మీద పడాల్సినవి. ఇప్పుడు వాటికి నిలబడే చోటు లేకుండా పోయింది. దానికీ కోపం వచ్చింది.

"మా అకుని ఓడించడానికా?"

"ఓడిపోవడానికి ఆయనకు నా సాయం అక్కర్లేదు."

"జోకులెయ్యకు!" మీరు కాస్తా నువ్వు అయింది. అతను అది విన్నాడు. "నువ్వు నాకు ఓటెయ్యలేవు. నీ జాబితా వేరు. అయినా నా పేరు ముసలాళ్ళ నోట్లో కుక్కావు. పోపో థర్చిన్ ఏమన్నాడో తెలుసా? చివర్న చోటు మిగిలితే రాశాడట!"

"అబద్ధం. మొదటి గీత మీద రాశానని నాతో ఒట్టేసి చెప్పాడు."

"పాలల్లో నీళ్ళు లేవని కూడా ఒట్టేస్తాడు ఆయన!"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకూ రాబోయింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. నవ్వితే కోపం చల్లారిపోతుంది. చల్లారిపోతే తను ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? గాలిలో దీపానికి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆమె తన కోపానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు చేశావ్? నిజం చెప్పు."

రేకుల మీద వాన మాట్లాడింది.

"మీరు రాజమండ్రి వెళ్ళారు," అన్నాడు చివరికి. "క్యాంపంతా ఖాళీ. ముసలాళ్ళు, కుక్కలు, నేను. ఒకరోజు పోపో టీ తాగుతూ అడిగాడు, గీతలు మిగిలిపోతున్నాయి, ఎవర్ని రాయను అని. మీ పేరు చెప్పాను. బోరు ఎండిపోయినప్పుడు సభలో అందరూ తలలు వంచుకుంటే లేచి అడిగింది ఆవిడొక్కతే కదా అన్నాను. నిజమే కదా? ఇంటికెళ్ళి పడుకున్నాక తెలిసింది, ఆ రోజు మొత్తంలో నేను ఇష్టంగా మాట్లాడిన మాట అదొక్కటే. మర్నాడు ఇంకో ఇంటికెళ్ళాను. మళ్ళీ చెప్పాను. మీ పేరు పైకి పలకడానికి నాకు వేరే సాకు లేదు, నోర్‌జోమ్-లా."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు కరిగిపోయేవాళ్ళేమో. నోర్‌జోమ్‌కి లోపల ఏదో కదిలిన మాట నిజమే. కదిలినదాన్ని చూసి ఆమెకు ఇంకా మండింది.

"ఊరందరి దగ్గరా పలికావు. నా దగ్గర?"

అతను మళ్ళీ చాక్‌పీసు తిప్పసాగాడు.

"నన్ను ఎందుకు అడగలేదు?"

"అడిగితే కాదంటారేమోనని."

"అంటాను! అంటే ఏం? కాదనడం నా హక్కు. పిల్లలకి బోర్డు మీద రాసి చెబుతావు కదా, ఎన్నికలంటే ఏమిటో? అవుననో కాదనో చెప్పే నోరు మనిషికి ఉండాలనే కదా? మా అకు నన్నడగడు, తీసెయ్యమంటాడు. నువ్వూ అడగవు, పెట్టేస్తావు. ఇద్దరికీ తేడా ఏముంది?"

చాక్‌పీసు అతని వేళ్ళ మధ్య రెండు ముక్కలైంది.

"లేదు," అన్నాడు. "తేడా లేదు."

వాదిస్తాడనుకుంది. వాదిస్తే బాగుండేది. వానలోకి దిగి వెనక్కి చూడకుండా నడిచింది. గెలిచినదానిలా లేదు ఆ నడక.

ఇంటి దగ్గర అమ్మ ఇస్త్రీ చేస్తోంది. తడిసి వచ్చిన కూతుర్ని పైనుంచి కిందికి చూసి తువ్వాలు విసిరింది.

"మాస్టారి దగ్గరికి వెళ్ళొచ్చావా?"

"తిట్టడానికి వెళ్ళాను."

"నేనేమన్నా అన్నానా?" అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నేనూ నీకు ఓటెయ్యలేను, తెలుసా? మీ నాన్న ఖామ్, నువ్వు ఆయన జాబితా. నాది ఊత్సాంగ్. కని పెంచినదానికి లేదు ఓటు. నీ మొహం ఎప్పుడూ చూడనివాళ్ళకి ఉంది."

నోర్‌జోమ్ తల తుడుచుకుంటూ ఆగింది. తన మీద ప్రేమ ఉన్న ఇద్దరూ గీతకు అవతలి వైపే ఉన్నారన్నమాట. ఇద్దరు అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

"ఏ చుపా కట్టుకుంటావ్? నీలందా, గోధుమరంగుదా?"

"రెండ్రోజుల్లో నన్నడిగిన ప్రశ్న ఇదొక్కటే," అంది నోర్‌జోమ్. "నీలంది."

తప్పుకుంటాను అని నిర్ణయించుకుంది. అకు చెప్పినందుకు కాదు. కల్దెన్ పెట్టాడు కాబట్టి తీసెయ్యాలని కూడా కాదు. ఇది నా 'కాదు'. నా నోటితో, నా కోసం, నేను చెప్పే 'కాదు'. అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసింది. గట్టిగానే ఉంది.

హాలు నిండింది. వేదిక మీద అభ్యర్థులు కూర్చున్నారు. మొదట అకు ధర్గ్యాల్ లేచాడు. "నేను చదువు లేనివాణ్ణి. తెలివి తక్కువవాణ్ణి. ఇంత బరువు మొయ్యడానికి నా భుజాలు చాలవు," అని చేతులు జోడించాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఆ భుజాలు ఆ బరువు కోసం ఎన్నేళ్ళుగా దురద పెడుతున్నాయో హాలు మొత్తానికి తెలుసు. ఆ తరవాత ఆయన, ఆ తరవాత ఆవిడ, అందరూ అంతే. నాకంటే యోగ్యులున్నారు. నాకేమీ తెలియదు. నన్ను వదిలెయ్యండి. అలా అనడమే మర్యాద. నేను చెయ్యగలను అన్నవాణ్ణి ఆ ఊళ్ళో ఎండ దెబ్బ తగిలిందేమోనని చూస్తారు.

నోర్‌జోమ్ వంతు వచ్చింది. మైకు ముందు నిలబడింది.

"నాకు ఈ పదవికి అర్హత లేదు," అంది. "నేను తప్పుకుంటున్నాను."

హాలు దద్దరిల్లింది. అంతవరకూ ఎవరికీ పడనన్ని చప్పట్లు.

"ఎంత వినయం!" అంది ముందు వరసలో ముసలావిడ. "అచ్చు వాళ్ళ నాన్నే!" ఎవరో వచ్చి ఆమె మెడలో తెల్లటి ఖతా కండువా వేశారు.

"కాదు, నేను నిజంగానే అంటున్నాను."

"అందరూ నిజంగానే అంటారు తల్లీ!" అని ఎవరో అరిచారు. మళ్ళీ చప్పట్లు. ఇంకో ఖతా, దాని మీద ఇంకోటి. పట్టు కండువాలు గడ్డం కిందికి వచ్చేశాయి.

అకు మొహంలో నవ్వు ఎండిపోయింది. పక్కకి వంగి, "గట్టిగా చెప్పవే!" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"గట్టిగానే చెబుతున్నా!"

ఆ మాట మైకులో పడింది. హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు నోర్‌జోమ్‌కి కోపం వచ్చింది. పొద్దుటినుంచీ ఉన్నది అసలు కోపమే కాదనిపించేంత కోపం. పగలంతా పదును పెట్టుకుని తెచ్చుకున్న 'కాదు' అన్న మాట ఇది. దీన్ని కూడా తీసుకుని దండ చేసి మళ్ళీ ఆమె మెళ్ళోనే వేశారు.

"ఆపండి!" అంది.

మైకు కీచుమంది. హాలు ఆగింది.

"కాదంటే అవునని మీ అర్థం. అవునంటే సిగ్గులేనిదని అర్థం. ఇంక మనిషి నోటితో ఏం చెప్పాలి? ఇక్కడ లేచినవాళ్ళంతా నాకేమీ తెలీదు, నాకు చేతకాదు అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. గెలిచాక నిజంగానే చేతకాదంటారు. అప్పుడు మీరు తిట్టుకుంటారు. బోరు ఎండిపోయి ఎన్నాళ్ళయింది? ట్యాంకరు రాకపోతే ఎవర్ని అడగాలో మీలో ఒక్కరికి తెలుసా? పిల్లలందరూ పై దేశాలకి పోతున్నారు, చేలు కౌలుకి పోతున్నాయి, మనం మాత్రం ఎవరి వినయం పెద్దదో కొలుచుకుంటున్నాం. పాలకైతే మీటరుంది. వినయానికి లేదు!"

పోపో థర్చిన్ ఒక్కడు హహ్హ అని నవ్వి, చుట్టూ చూసి, దగ్గుగా మార్చేశాడు.

హాలు చివర, తలుపు దగ్గర, ఒక చెయ్యి లేచింది.

సభ నడిపేవాడు కళ్ళు చికిలించి చూశాడు. "గెన్-లా, మీరు ఊత్సాంగ్ కదా? ఇది ఖామ్ సభ. మీకిక్కడ ఓటు లేదు."

"ఓటు లేదు. ప్రశ్న ఉంది," అన్నాడు కల్దెన్.

"అడగనీవయ్యా, ప్రశ్నకి ప్రాంతమేమిటి!" అంది ముందు వరస ముసలావిడ.

కల్దెన్ రెండడుగులు ముందుకొచ్చాడు. మొహం తెల్లగా ఉంది. బళ్ళో పాఠం చెప్పే గొంతు కాదు అది.

"చలికాలంలో ఇల్లిల్లూ తిరిగి నోర్‌జోమ్-లా పేరు రాయమన్నది నేను. ఆవిడని అడగలేదు. తప్పు. అది అందరి ముందూ ఒప్పుకోవాలి, అందుకే చెబుతున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను." ఆమె వైపు చూశాడు. ఈసారి పైకప్పు కేసి చూడలేదు. "నోర్‌జోమ్-లా, మీరు నిలబడతారా, నిలబడరా? కాదంటే కాదనే అనుకుంటాం. ఎవరు అనుకోకపోయినా నేను అనుకుంటాను."

"చెప్పింది కదా! తప్పుకుంటోంది!" అని అకు కేక పెట్టాడు.

నోర్‌జోమ్ ఆ కేక వినలేదు. లోపల వెతుకుతోంది. అద్దం ముందు అంత గట్టిగా ఉన్న 'కాదు', ఇందాకటిదాకా నాలుక చివర ఉన్న 'కాదు', ఎక్కడా కనపడలేదు. అడగనంతసేపూ 'కాదు' ఒక్కటే తన సొంతం అనుకుంది. అడిగాక చూస్తే 'అవును', 'కాదు' రెండూ తనవే. కోపం మాత్రం అలాగే ఉంది. కోపం అడుగున ఆ రెప్పపాటు సంతోషం, ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"నిలబడతాను," అంది.

పెద్దల దయ ఉంటే అనలేదు. అర్హత లేకపోయినా అనలేదు. చేతులు జోడించలేదు. అలాంటి మాటకి చప్పట్లు ఎలా కొట్టాలో హాలుకి తెలియలేదు. అప్పుడు గోడవారనుంచి ఒక్క మనిషి చప్పట్లు వినిపించాయి, నిదానంగా, రొట్టె తట్టినట్టు. అమ్మ. అక్కడ ఓటు లేని రెండో మనిషి.

బయట వాన తగ్గి తుంపర మిగిలింది. మెట్ల మీద అకు ధర్గ్యాల్ తన మనుషులతో నిలబడి ఉన్నాడు. ఆమె దిగుతుంటే దారికడ్డం వచ్చాడు.

"నిలబడతానన్నావ్, నిలబడు. నీ ఇష్టం. కానీ ఒక్క మాట. ఆ ఊత్సాంగ్ వాడితో కనిపించావంటే మనవాళ్ళ ఓటు ఒక్కటి పడదు నీకు. నేను చెప్పక్కర్లేదు. వాళ్ళే చూసుకుంటారు."

అది బెదిరింపు అయితే ఆమె ఎదిరించి ఉండేది. కానీ ఆయన చెప్పింది నిజం. మెట్ల మీద, చూరు కింద, రోడ్డు మీద, ఖామ్ అంతా అక్కడే ఉంది, చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ.

కల్దెన్ చింతచెట్టు కింద స్కూటరు పక్కన నిలబడ్డాడు. ఆమె అతని దగ్గరికి నడిచింది. చెప్పులు వెతుక్కునేవాళ్ళు వెతకడం మానేశారు.

"నాకు ఇంకా కోపంగానే ఉంది," అంది.

"తెలుసు."

"చాలా రోజులుంటుంది."

"ఉండనివ్వండి. నేనెక్కడికీ పోవట్లేదు." అతను గొంతు సవరించుకున్నాడు. "మిమ్మల్ని అడగాల్సింది ఇంకోటి ఉంది."

"అదీ సభలోనే అడగలేకపోయావా?"

"అది ఎన్నికలయ్యాక అడుగుతాను. ఇప్పుడు మీరు వెళ్ళిపోండి. అందరూ చూస్తున్నారు, మీ ఓట్లు పోతాయి. నేనూ ఈ నెలంతా మీ ఎదుట పడను. పాలకి అత్తయ్యనే పంపిస్తాను. అదే మంచిది."

ఆమె అతని కళ్ళలోకి చూసింది.

"మంచిదని ఎవరు నిర్ణయించారు?"

అతను నుదురు కొట్టుకున్నాడు. నిజంగానే కొట్టుకున్నాడు, చప్పుడయ్యేటట్టు.

"మళ్ళీ చేశానా?"

"చేశావు. గంట కాలేదు ఒప్పుకుని."

"సరే. ఆగండి." బళ్ళో మందలింపు తిన్న కుర్రాడిలా నిటారుగా నిలబడ్డాడు. "నోర్‌జోమ్-లా. ఇంటిదాకా దింపుతాను, స్కూటరు ఎక్కుతారా? మీ ఓట్లు మీ చేతిలో ఉన్నాయి. కాదంటే..."

"కాదంటే కాదని. విన్నాను ఇందాక."

మెట్ల మీదనుంచి అమ్మ కేక వేసింది. "సీటు తడిగా ఉంటుంది! తుడిచి కూర్చో, చుపా పాడైపోతుంది!"

"వదినా!" అన్నాడు అకు, గుండె పట్టుకున్నంత పని చేసి.

"ఏం మరిదీ? నాకెలాగూ ఓటు లేదు. నోరన్నా ఉండనీ."

కల్దెన్ చేతి రుమాలుతో సీటు తుడిచాడు. తుడిచినదే మళ్ళీ తుడిచాడు. ఆమె వెనక కూర్చుంది. ఖతాలు గాలికి ఎగిరి అతని మెడకు తగులుతుంటే దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. స్కూటరు రెండుసార్లు దగ్గి అందుకుంది. మెట్ల ముందునుంచే పోవాలి, వేరే దారి లేదు. అకు చూస్తున్నాడు. పోపో థర్చిన్ చూస్తున్నాడు. ముందు వరస ముసలావిడ మెడ చాపి చూస్తోంది. వీళ్ళలో ఎందరి మనసులోంచి ఇప్పుడు తన పేరు చెరిగిపోతోందో నోర్‌జోమ్ లెక్క వెయ్యబోయి, మానేసింది.

సీటు వెనక కడ్డీ పట్టుకున్న చెయ్యి తీసి అతని భుజం మీద వేసింది.